ఏ మందు మంచిది, పిన్నీ?

కొన్ని ఉద్యోగాలకు జీతం ఉంటుంది, చేతినిండా పని ఉంటుంది, పేరు మాత్రం ఉండదు. మాది అట్లాంటి ఉద్యోగం. కాన్పు ఆపరేషను అయి బిడ్డ కేరుమనగానే ఇంటిల్లిపాదీ పెద్ద డాక్టరమ్మ చుట్టూ మూగుతారు. బిడ్డను తుడిచి చేతికిచ్చిన నర్సమ్మకు చీరె పెడతారు. పిల్లల డాక్టరుగారికి మిఠాయి డబ్బా వెడుతుంది. మరి మత్తు ఇచ్చిందెవరమ్మా అంటే, “ఎవరో వచ్చారండీ, వెన్నులో సూది పొడిచి వెళ్ళిపోయారు” అంటారు. వెళ్ళిపోలేదు తల్లీ, చివరి కుట్టు పడేదాకా నీ తల దగ్గరే నిలబడి ఉన్నాను అని చెప్పబోయి, నవ్వి ఊరుకుంటాను. నెత్తిన టోపీ, మూతికి గుడ్డ కట్టుకున్న మనిషిని ఎవరు మాత్రం గుర్తుపెట్టుకుంటారు!

అంచేత మా పనిని గురించి ఎవరన్నా రెండు మాటలు అడిగితే నాకు పండుగే. మొన్న వేసవిలో ఒక ఆదివారం సాయంత్రం వాడరేవు ఇసుకలో నాకా పండుగ దొరికింది. చీరాలలో కాపరం ఉండేవాళ్ళకు ఎండాకాలం గాలి కావాలంటే మరో దారి లేదు. సీసాతో మంచినీళ్ళు, పొట్లంలో మరమరాలు పట్టుకుని వాడరేవు వెళ్ళవలసిందే. మా పక్కింటి అక్కయ్యగారూ, పురిటికి పుట్టింటికి వచ్చిన వాళ్ళమ్మాయీ నాతో వచ్చారు. అమ్మాయికి ఎనిమిదో నెల. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉన్నదనీ, నెలలు నిండేలోగా తిరగకపోతే ఆపరేషను కావచ్చుననీ డాక్టరమ్మ చెప్పారట.

ఒడ్డున లాగిపెట్టిన పడవ నీడలో కూర్చున్నామో లేదో, ఆ పిల్ల సెల్‌ఫోను తీసి గబగబా మందుల పేర్లు చదివింది. బుపివకైన్, లెవోబుపివకైన్, రోపివకైన్, లిగ్నోకైన్, క్లోరోప్రొకైన్! నక్షత్రాల పేర్లు అప్పగించినట్టే చదివింది.

“మా ఆఫీసులో ఒకామెకు వీటిలో కొత్తదేదో ఇచ్చారట. సాయంత్రానికల్లా లేచి నడిచిందట. ఇక్కడ పాతదే ఇస్తారని అంటున్నారు. అసలు వీటిలో ఏ మందు మంచిది, పిన్నీ?” అంది.

అక్కయ్యగారి బెంగ వేరు. “మందు సంగతి తరవాత. ఆ వెన్నులో సూది వేయించుకుంటే జన్మంతా నడుంనొప్పేనట గదా! దానికి పూర్తిగా మత్తిచ్చి నిద్రపుచ్చెయ్యమనండి, మీకు పుణ్యముంటుంది,” అన్నారు.

ఈ రెండు ప్రశ్నలూ ఆ ఇంటివి మాత్రమే కావు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషనుతోనే అయ్యాయి. తెలంగాణలో నూటికి 60. దేశం మొత్తానికి చూస్తే 21. ఇన్ని కోతలు అవసరమా అన్నది వేరే వ్యాసం. అవసరమైనవీ కానివీ కలిపి ఇన్ని లక్షల ఇళ్ళలో ఆడపిల్ల వీపు వంచి కూర్చుని ఆ సూదికోసం ఎదురుచూస్తున్నప్పుడు, అందులో ఉన్న మందేమిటో తెలుసుకోవడం తప్పుకాదు గదా.

ముందు అక్కయ్యగారి మాట. పూర్తిగా నిద్రపుచ్చడం మాకూ చేతనౌను. నిండు చూలాలికి మాత్రం అవసరమైతే తప్ప చెయ్యం. నెలలు నిండినప్పుడు పొట్టలోని ఆహారం తొందరగా కిందికి దిగదు. నిద్రలో అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. గొంతులో వాపు ఉంటుంది కనుక గాలిగొట్టం వెయ్యడం కష్టం. తల్లికిచ్చిన మత్తు కొంత బిడ్డకూ చేరుతుంది. వెన్నులో మందు ఇస్తే తల్లి మెలకువగా ఉంటుంది, తన గాలి తాను పీలుస్తుంది, బిడ్డ మొదటి ఏడుపు తన చెవులతో వింటుంది. రక్తం గడ్డకట్టే గుణంలో లోపం ఉన్నా, ప్రాణం మీదికి వచ్చి వ్యవధి లేకపోయినా అప్పుడు నిద్రమత్తే శరణ్యం.

ఇక ఆ సూది. వెన్నుపాము వీపు పొడుగునా కిందిదాకా ఉండదు. మొదటి, రెండో నడుము పూసల దగ్గరే ఆగిపోతుంది. మేము సూది వేసేది దానికి దిగువన, మూడో పూసకూ నాలుగో పూసకూ నడుమ. సూది మందం సుమారు అర మిల్లీమీటరు. అక్కడ ఒక సంచిలాంటి పొరలో స్వచ్ఛమైన నీరూ, అందులో తేలే నరాల పోగులూ ఉంటాయి. రెండు మిల్లీలీటర్ల మందు, అంటే అర చెంచాకు తక్కువ, ఆ నీటిలో కలిస్తే చాలు. కొద్ది నిమిషాల్లో నడుము కింద ఉన్నది తన ఒళ్ళో మరొకరి ఒళ్ళో తెలియదు.

మన ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడే మందును ‘హెవీ’ బుపివకైన్ అంటారు. హెవీ అంటే ఘాటు అనుకునేరు, కాదు. అందులో చక్కెర కలుపుతారు, అంచేత వెన్నులోని నీటికంటే బరువు. గ్లాసెడు నీళ్ళలో పంచదార పాకం మెల్లగా వదిలిచూడండి, అడుక్కి జారుతుంది. ఇదీ అంతే. తల్లిని వెల్లకిలా పడుకోబెట్టగానే మందు వెన్ను వంపువెంట వీపు వైపు జారి సర్దుకుంటుంది. బల్లను కాస్త ఇటూ అటూ వంచి అది ఎక్కడిదాకా పాకాలో మేము చూసుకుంటాం. కోత బొడ్డు కిందనే అయినా గర్భసంచిని కదిలించినప్పుడు బాధను మోసే నరాలు ఎగువనుంచి వస్తాయి కనుక మత్తు రొమ్ముల దాకా ఎక్కాలి. మంచుముక్కో, స్పిరిటు దూదో తగిలించి, “చల్లగా ఉందా అమ్మా, ఇక్కడో? ఇక్కడో?” అని అడిగేది అందుకే. చక్కెర అనగానే అక్కయ్యగారు, “అయ్యో, మా పిల్లకు షుగరు చూపించిందే!” అని కంగారుపడ్డారు. రెండు మిల్లీలీటర్లలో ఉండే చక్కెర 160 మిల్లీగ్రాములు. మరమరాలలో నంజుకున్న బెల్లం ముక్క అంతకు ఎన్నో రెట్లు.

ఇప్పుడు అమ్మాయి ప్రశ్న. ఈ మందులన్నిటికీ ‘కైన్’ అన్నది ఇంటిపేరు. వంశానికి మూలపుటమ్మ కొకైన్. 1884లో వియన్నాలో కార్ల్ కొల్లర్ దాన్ని కంట్లో వేసి నొప్పిలేకుండా కంటి ఆపరేషను చెయ్యవచ్చునని చూపించాడు. 1898 ఆగస్టులో ఆగస్ట్ బీర్ అనే సర్జను దాన్ని వెన్నులోకి ఎక్కించాడు. ఆ ఊరు జర్మనీలోని కీల్. అదీ మన వాడరేవులాగే సముద్రపు రేవు, కాకపోతే పెద్ద ఓడలు వచ్చే రేవు. తరవాత బీరూ, ఆయన సహాయకుడు హిల్డెబ్రాంట్ ఒకరికొకరు సూది వేసుకున్నారు. హిల్డెబ్రాంట్ మోకాలి కింద ఎముక మీద సుత్తితో కొట్టినా తెలియలేదట! మర్నాటినుంచి మాత్రం ఇద్దరికీ తల పగిలిపోయే నొప్పి. బీర్ తొమ్మిది రోజులు మంచం దిగలేదు. అదే 1898లో మన గుంటూరులో డాక్టర్ అన్నా కూగ్లర్ ఆడవాళ్ళకోసం ఆసుపత్రి తెరిచింది. ఆ రెండు దారులూ కలిసి మన పురిటిగదికి చేరడానికి చాలా ఏళ్ళు పట్టింది.

కొకైన్ విషం, వ్యసనం కూడాను. అంచేత 1905లో నొవొకైన్ వచ్చింది. నెమ్మది మనిషే గాని ఎక్కువసేపు నిలవదు. 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ లిగ్నోకైన్ తయారుచేశాడు. పళ్ళ డాక్టరు చిగుళ్ళకు ఇచ్చేది ఇదే. 1957లో బుపివకైన్ పుట్టింది. ఎక్కడనుకున్నారు? స్వీడన్‌లోనే, బోఫోర్స్ కంపెనీలో. 1980ల చివర ఫిరంగుల వ్యవహారంలో మన పత్రికలన్నీ మారుమోగించిన ఆ బోఫోర్సే! ఫిరంగుల కంపెనీ ఇంట్లో ఇంత సాధువైన బిడ్డ పుట్టడం చిత్రం కాదూ?

మా పెద్దవాళ్ళు చాలాకాలం సిజేరియనుకు చక్కెర కలిపిన లిగ్నోకైన్ ఇచ్చారు. తొందరగా పట్టేది, గంటా గంటంబావు ఉండేది. అయితే మత్తు దిగాక కొందరికి పిరుదుల్లో, తొడల్లో నొప్పులు వచ్చి నాలుగు రోజులు ఉండి పోతున్నాయని 1993 నుంచి వైద్యపత్రికల్లో వరసగా రావడంతో వెన్నులోకి అది వెనకపడింది. బుపివకైన్ రెండు గంటల దాకా నిలుస్తుంది, ఆ నొప్పులు అరుదు. అంచేత పీట దానికి దక్కింది.

మరి కొత్తవి ఎందుకు వచ్చాయి? నడుములో సన్నగొట్టం పెట్టి పెద్ద మోతాదులో మందు ఇచ్చే మరో పద్ధతి ఉంది. ఆ పద్ధతిలో బుపివకైన్ పొరపాటున రక్తనాళంలోకి పోయి గుండె ఆగిందనీ, ఆగిన గుండెను మళ్ళీ కొట్టించడం కష్టమైందనీ 1979లో అమెరికా మత్తువైద్యుల పత్రిక హెచ్చరించింది. అప్పటినుంచి గుండెకు మెత్తనైన మందుకోసం వెతికారు. బుపివకైన్‌లో కుడిచెయ్యి ఎడమచెయ్యి వంటి రెండు జాతుల అణువులు కలిసి ఉంటాయి. ఎడమచేతి వాటాన్ని మాత్రం వేరుచేస్తే లెవోబుపివకైన్. దాని దాయాది రోపివకైన్, 1996 నుంచి బజారులో ఉంది. మంచి మందులే. కాని ఒక్క సంగతి గమనించాలి. ఆ ప్రమాదాలు వంద మిల్లీగ్రాముల పైబడిన మోతాదుల్లో జరిగాయి. సిజేరియనుకు వెన్నులో మేమిచ్చేది పది మిల్లీగ్రాముల చుట్టుపక్కల. ఏ ప్రమాదాన్ని తప్పించడానికి కొత్త మందు పుట్టిందో ఆ ప్రమాదం ఇక్కడ దాదాపు లేదు. కొత్తదన్నంత మాత్రాన ఈ గదిలో అది గొప్పదై పోదు.

తేడాలు లేవా అంటే ఉన్నాయి. రోపివకైన్ బలం కొంచెం తక్కువ, అంచేత ఎక్కువ మిల్లీగ్రాములు కావాలి. పట్టడం కాస్త నిదానం. కాళ్ళకు కదలిక మాత్రం ముందు వస్తుంది. ఆఫీసు స్నేహితురాలు సాయంత్రం నడిచిందంటే అందుకు కావచ్చు. పొద్దున్న బుపివకైన్ వేయించుకున్నావిడా సాయంత్రానికి నడుస్తుంది. క్లోరోప్రొకైన్ ఇంకా తొందరగా దిగిపోతుంది, సుమారు గంటలోపే. చిన్న ఆపరేషనుకు బంగారం. మొదటి కాన్పు కోత ముప్పావుగంటలో అయిపోవచ్చు. రెండోసారో మూడోసారో అయితే లోపల పొరలు అతుక్కుని గంటన్నర పట్టవచ్చు. దానికి తొందరగా దిగే మందిస్తే, చెన్నై వెళ్ళేవాడికి ఒంగోలు దాకా టిక్కెట్టు కొన్నట్టే. “అంచేత అమ్మాయ్, ఏ మందు మంచిదంటే, నీ ఆపరేషను పూర్తయ్యాక దిగేది మంచిది,” అన్నాను. నవ్వింది గాని మనసులో పెట్టుకున్నట్టే కనిపించింది.

మందులను పోల్చిచూడడం మన తెలుగు నేలకు కొత్తకాదు సుమండీ. 1888, 1889లలో హైదరాబాదులో క్లోరోఫారం కమిషన్లు జరిగాయి. ఆరో నిజాము మహబూబ్ అలీఖాన్ డబ్బిచ్చాడు, సర్జను ఎడ్వర్డ్ లారీ నడిపించాడు, రెండోదానికి లండనునుంచి లాడర్ బ్రంటన్ దిగాడు. క్లోరోఫారంతో చావు వస్తే ముందు ఆగేది ఊపిరా, గుండెనా అన్నది తగాదా. వందల జంతువుల మీద చూసి, ఊపిరే ముందు, ఊపిరి కనిపెట్టుకుంటే చాలు అని తేల్చారు. ఆ తీర్పు నిలవలేదు. క్లోరోఫారం గుండెను కూడా హఠాత్తుగా ఆపగలదని 1911 నాటికి లీవీ అనే ఆయన రుజువుచేశాడు. కాని మనిషి పక్కన కూర్చుని ఊపిరి ఊపిరీ కనిపెట్టాలన్న లారీ పట్టుదల మాత్రం నిలిచింది. ఆ బడిలోనే చదివి, హైదరాబాదు ఆసుపత్రుల్లో మత్తిచ్చిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యురాలంటారు. తలదగ్గర నిలబడే ఈ కొలువులో మా అందరికీ ఆమె పెద్దక్క.

వెన్నుసూదికి చెడ్డపేరు తెచ్చిన కథ కూడా ఒకటుంది. 1947లో ఇంగ్లండులో, చెస్టర్‌ఫీల్డ్ అనే ఊళ్ళో, ఒకేరోజు వెన్నులో మందు వేయించుకున్న ఇద్దరు మగవాళ్ళకు కాళ్ళు చచ్చుపడ్డాయి. కోర్టుకు వెళ్ళారు. మందు గాజుబుడ్లను ఫినాలులో ముంచి ఉంచేవారు. కంటికి కనపడని బీటలనుంచి ఫినాలు లోపలికి ఊరిందని కోర్టు నమ్మింది. సూదులు ఉడికించే పాత్రలో మిగిలిన ఆమ్లం కారణమని తరవాతి వైద్యులు కొందరు రాశారు. ఏదైనా సరే, తప్పు మందుది కాదు, శుభ్రపరిచే తీరుది. అయినా ఇంగ్లండులో చాలా ఏళ్ళు వెన్నుసూది అంటే జనం హడలిపోయారు. ఇప్పుడు ఒకరికి వాడిన సూది మరొకరికి వాడం. కాని భయాలకు ఆయుర్దాయం ఎక్కువ.

అక్కయ్యగారి నడుంనొప్పి భయమూ అట్లాంటిదే. సూది గుచ్చినచోట రెండుమూడు రోజులు సలుపు ఉండవచ్చు. జన్మంతా నొప్పి దానివల్ల అని పరిశోధనల్లో తేలలేదు. తొమ్మిది నెలలు ముందుకు బరువు మోసిన నడుము, ఆపైన రాత్రింబవళ్ళు వంగి పాలిచ్చే నడుము, నొప్పి పుట్టకేం చేస్తుంది? మామూలు కాన్పు అయినవాళ్ళకూ వస్తుంది. తలనొప్పి మాత్రం నిజమే. సూది చేసిన రంధ్రంలోంచి నీరు ఊరితే వస్తుంది. కూర్చుంటే ఎక్కువై పడుకుంటే తగ్గుతుంది. ఇప్పటి పెన్సిలు మొనవంటి సూదులతో అది బాగా తగ్గింది. వస్తే చెప్పండి, వైద్యం ఉంది.

మందు ఏదైనా మేము కళ్ళార్పకుండా చూసేది మొదటి పావుగంట. రక్తనాళాలు సడలి బి.పి. పడిపోతుంది. నిండు గర్భం వెనకనున్న పెద్ద సిరను నొక్కుతుంది. అందుకే ఎడమ పక్కకు కొద్దిగా ఒరిగిస్తాం, రక్తనాళాలు బిగిసే మందు ఇస్తాం. తల్లికి ఉన్నట్టుండి వికారం, ఆవలింత వచ్చిందంటే యంత్రం చూపించకముందే బి.పి. పడిందని మాకు తెలుస్తుంది. ఆ మాట ఆమె చెప్పాలి. చెప్పడం దగ్గరే మన ఆడవాళ్ళతో చిక్కు.

పదేళ్ళ కిందట ఒకమ్మాయికి రెండో సిజేరియను. లోపల అతుకులు బాగా ఉండి ఆలస్యమైంది. బిడ్డ బాగుంది, బి.పి. బాగుంది, అంతా సవ్యంగా ఉంది. నేను వంగి చూద్దును గదా, ఆ పిల్ల కంటికొసనుంచి నీళ్ళు చెవిలోకి కారుతున్నాయి. సంతోషమేమో అనుకోవచ్చు. “నొప్పి వస్తోందా అమ్మా?” అని అడిగాను. “కొంచెం. ఫరవాలేదు డాక్టరమ్మగారూ. అందరూ ఇంత శ్రమపడుతున్నారు గదా, మధ్యలో ఎందుకని...” అంది. సర్జనును చెయ్యి ఆపమని, నరంలోంచి మందిచ్చి, ఆమె “ఇప్పుడు లేదు” అన్న తరవాతే సాగనిచ్చాను. బయటికి వచ్చాక అత్తగారు సంబరంగా, “మా కోడలు కిక్కురుమనదండీ, అంత ఓర్పు!” అన్నది. ఆ మెప్పు నాకు ముల్లులా గుచ్చుకుంది. కడుపు కోస్తుంటే కిక్కురుమనకుండా ఉండడం ఏం ఓర్పు? ఆ ఓర్పు ఎవరు నేర్పారు ఆ పిల్లకు?

కాగితాల మీద మందుల పోలికలు నిమిషాల్లో, మిల్లీగ్రాముల్లో ఉంటాయి. బల్లమీద పడుకున్న తల్లి నోరు విప్పితేనే ఆ లెక్కకు అర్థం. ఆపరేషనులో లాగినట్టు, అదిమినట్టు, పొట్టలో ఎవరో గిన్నెలు సర్దుతున్నట్టు తెలుస్తుంది, అది మామూలే. నొప్పి మామూలు కాదు. నొప్పి వస్తే అనాలి, గట్టిగా అనాలి. మరికొంత మందిస్తాం, అవసరమైతే నిద్రపుచ్చుతాం.

కనుక పురిటికి వెళ్ళే అమ్మాయిల తల్లులకూ అత్తలకూ నా మనవి ఒక్కటే. మందు పేరుకోసం బెంగపడకండి. ఆ పాత బుపివకైనే ప్రపంచ ఆరోగ్యసంస్థవారి అత్యవసర మందుల జాబితాలో ఉంది. సర్కారు ఆసుపత్రిలో అది ఇచ్చారని చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. అడగవలసినవి వేరే ఉన్నాయి. మత్తు డాక్టరు చివరిదాకా గదిలో ఉంటారా అని అడగండి. ఆఖరుసారి ఎప్పుడు తిన్నదో నిజం చెప్పండి. ప్రేమకొద్దీ దొంగతనంగా పెట్టిన ఇడ్లీ సంగతి కూడా చెప్పండి. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటే చెప్పండి. పోయినసారి మత్తులో ఏదైనా ఇబ్బంది వస్తే చెప్పండి. గదిలోకి పంపేముందు బొట్టుపెట్టి, తల నిమిరి, “ఓర్చుకో తల్లీ” అంటారు గదా; ఈసారి ఆ మాట మార్చి, “నొప్పి వస్తే చెప్పు తల్లీ, ఎవరూ ఏమీ అనుకోరు” అనండి.